మూడో నంబరు కంప్యూటర్

ఇంకెన్నిసార్లు ఆఫ్ చేసి ఆన్ చెయ్యమంటావక్కా? నాలుగుసార్లయింది! ఐదోసారి చేస్తే ఇదేమైనా సిగ్గుపడి పనిచేస్తుందా?

కోప్పడట్లేదు. నీమీద నాకు కోపమేంటి? భయం. భయమేస్తే నా గొంతు ఇలాగే లేస్తుందని నీకు తెలీదూ? పదకొండేళ్ళు ఈ ల్యాబులో పక్కపక్క సీట్లలో కూర్చున్నాం.

విను. పొద్దున ఒక పిల్లకి కాన్పయింది. బిడ్డ బాగానే ఉంది, తల్లికి రక్తం ఆగట్లేదు. ఆపరేషన్ గదిలో పడుకోబెట్టారు. రక్తం ఎందుకు గడ్డకట్టట్లేదో మన రిపోర్టు చూస్తేగానీ ఏం ఎక్కించాలో డాక్టరమ్మకి తేలదు. పరీక్ష అయిపోయింది. మెషిన్ అంకెలు పంపించేసింది కూడా. అవి ఈ కంప్యూటర్లోకి వచ్చి కూర్చున్నాయి, తెర మీదకి మాత్రం రావట్లేదు. చక్రం గిరగిరా తిరుగుతోంది, అంతే. మళ్ళీ రక్తం తీసి బయటి ల్యాబుకి పంపాలంటే గంట. ఆ పిల్లకి గంట ఉందా?

కంపెనీ వాళ్ళకా? చేశాను. "మీ ఫిర్యాదు నమోదైంది" అంటోంది ఒకమ్మాయి, పాటలాగ. అందుకే నీకు చేశాను. రెండేళ్ళు పలకరించనిదాన్ని. ఏ మొహం పెట్టుకుని చేశావని అడగలేదు, "ఏమైందే?" అన్నావు చూడు...

సరే, సరే. నంబరు చెప్తా, కొట్టుకో. ఏడు, నాలుగు, నాలుగు, సున్నా, తొమ్మిది, రెండు. ఆఁ, అడుగుతోంది, నిన్ను లోపలికి రానివ్వాలా అని. నొక్కాను. బయటివాళ్ళకి తెర అప్పజెప్పానని తెలిస్తే నా ఉద్యోగం ఊడుతుంది. ఊడనీ.

అమ్మయ్య! బాణం కదులుతోంది. నువ్వేగా? అదే నడక. తిన్నగా వెళ్తుంది, ఎక్కడా తడుముకోదు. నీ ఇంట్లో కూర్చుని నువ్వు, ఇక్కడ నా ముందు నీ చెయ్యి!

ఆగు, పైనుంచి ఫోన్... "రెండు నిమిషాల్లో డాక్టర్! వస్తోంది, వస్తోంది!" ...వినపడిందా ఆవిడ గొంతు? ఎప్పుడూ అరవని మనిషి.

ఏంటీ, నిండిపోయిందా? ఎవరు ఎప్పుడు ఏ రిపోర్టు నమోదు చేశారో కంప్యూటర్ రాసుకునే జాబితానా? అది నిండితే కొత్తవి రానివ్వదా? ఓసి దీని దుంపతెగ! అయితే పాతవి తీసిపారెయ్ అక్కా. రెండేళ్ళ కిందటివి ఎవడిక్కావాలి? నొక్కు! ఒక్క నొక్కుతో పోతాయిగా?

చూసి తియ్యడమేంటి? ఇప్పుడా చూసేది? అక్కా, అక్కడ మనిషి పోతోంది, నువ్వు కాగితాలు తిరగేస్తానంటావేంటి? అవసరమైనవేవీ లేవని నేను చెప్తున్నాగా! తెరవకు. తెరవకంటుంటే...

తెరిచావు.

...

ఏం లేదు. ఉన్నాను. 

బాణం ఎందుకాగిపోయింది? నెట్ పోయిందా? లేదు, వెలుగుతూనే ఉంది. అక్కా, తర్వాత చూద్దువుగాని. నీకు దణ్ణం పెడతా, ముందు ఆ పిల్ల రిపోర్టు ఇప్పించు. ఆ వరస ఎక్కడికీ పోదు.

...వేరేచోటికి మార్చేస్తున్నావా? చెరపకుండా? మంచిది. నలభై శాతం. అరవై. ఎనభై ఎనిమిది. పదవే తల్లీ... వచ్చాయి! అంకెలొచ్చాయి! పంపించేశాను. "డాక్టర్, చూడండి! వచ్చిందా? అదే, అదే. చాలా తక్కువుంది, అవును." ...కారణం దొరికిందట అక్కా. ఏం ఎక్కించాలో తెలిసిందట. పరుగెత్తుతున్నారు.

ఉండు, కాసిని నీళ్ళు తాగుతా.

బాణం మళ్ళీ అక్కడికే వెళ్ళింది. ఆ వరస మీదకే.

తేదీ అదే. మధ్యాహ్నం రెండూ పది. పేరు నీదే. చివరి గడిలో ఏముందో చదవమంటావా? కంప్యూటర్ నంబరు మూడు. నువ్వు కూర్చునేది రెండో నంబరు దగ్గర. మూడు ఎవరిదో మన ఇద్దరికీ తెలుసు.

ఆరోజు నా పాస్‌వర్డ్ గడువు అయిపోయిందంటే నీది ఇచ్చావు. చీటీ మీద రాసి మరీ. ఇద్దరు పేషెంట్లదీ ఒకటే ఇంటిపేరు. ఒకరి అంకెలు ఇంకొకరి పేరు మీద నమోదు చేశాను. సాయంత్రం సీసాలు సర్దుతుంటేనే తెలిసిపోయింది నాకు. చెబుదామని లేచాను కూడా! ఈలోపు ఆ ఇద్దరిలో పెద్దాయనకి తప్పు మందు ఇచ్చేశారని పైన గోల మొదలైంది. కూర్చుండిపోయాను. ఆయన పందొమ్మిది రోజులు ఐసీయూలో ఉన్నాడు. అన్ని రోజులూ కూర్చునే ఉన్నాను.

ఈ జాబితా తెరవడం తెలిసింది నీకొక్కదానికే. నిన్నేమో మర్నాటి నుంచి గుమ్మం తొక్కనివ్వలేదు.

పెద్ద డాక్టరు గదిలో నువ్వేమన్నావో గుర్తుందా? తలుపవతల నిలబడి విన్నాను. "నా పేరుంటే నేనే చేసుంటాను సార్. కళ్ళద్దాలు మార్చుకోవాలని అనుకుంటూనే ఉన్నాను" అన్నావు. నువ్వు నమ్మేశావక్కా! చెయ్యని తప్పు నువ్వే చేశానని నమ్మేశావు. మళ్ళీ ఏ ల్యాబులోనూ అడుగు పెట్టలేదట. ఇంట్లోంచే నలుగురి కంప్యూటర్లు బాగుచేస్తున్నావని విన్నాను. విని, హమ్మయ్య, ఏదో ఒకటి చేసుకుంటోంది అనుకున్నాను. అంత దొడ్డ మనసు నాది!

ఇందాక "తీసిపారెయ్" అన్నానే, అది ఆ పిల్ల కోసమా, నాకోసమా? నన్నడక్కు. సగం సగం అని అబద్ధం చెప్పాలనిపిస్తోంది.

తిట్టాలనుంటే తిట్టు.

ఆ పేజీ ప్రింటు తీస్తున్నాను. ఇది పట్టుకుని పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్తాను. నన్ను నమ్మకపోతే నీ దగ్గరా ఒకటి ఉంచుకో, తప్పు లేదు.

క్షమించమని అడగను. అడిగే ముఖం కాదిది. మంచితనం పొంగుకొచ్చి చెప్పాననీ అనుకోకు. ఇవాళ ఈ కంప్యూటర్ మొరాయించకపోతే, అక్కా, నేను చెప్పేదాన్నే కాదు.