వెలుగు నడుమల ఆగుతదా?

"తాతా, మొన్న మాస్టారుతోని నీకు మాటలెందుకు బందైనయి?"

వెలుగు మీద లొల్లే బిడ్డా. నవ్వకు, నిజంగనే. మాస్టారు తెల్సు గదా, పక్క గల్లీల ఉంటడు, కోస్తా ఆయన. దిల్‌సుఖ్‌నగర్ల కోచింగుల ఫిజిక్స్ చెప్పి చెప్పి రిటైరైండు. నేనేమో ఏడో తరగతి, బస్సు డ్రైవర్ని. అయినా రోజు పొద్దుగాల కొత్తపేట పార్కుల కల్సే నడుస్తం.

ఒకనాడన్నడు, చుక్కల కాడికెల్లి వెలుగు వేల ఏండ్లు నడిచొస్తదట, యాడ గూడ వేగం తగ్గదట, పెరగదట. నేనన్న, నడుమ ఎవరు చూసిండ్రు సార్? నేను ఎల్బీ నగర్ల బయలెల్లి సూర్యాపేటకు టైంకు పోయేటోణ్ణి. అక్కడ కంట్రోలరు టైం రాసుకునేటోడు, గంతే. నడుమ చౌటుప్పల్ కాడ చాయ్ తాగి, ఆఠానా చాయ్ అప్పుడు, కాదు కాదు, ముప్పావలా, తాగి, ఆ ఎనుక బస్సు జోరుగ తోలి టైం కలిపిన సంగతి ఆ కంట్రోలరుకేం ఎరుక?

"వెలుగు చాయ్ తాగదండీ!" అని గరమై పోయిండు. నాలుగు దినాలు పార్కుకు రాలే. నాకు ఒక్కణ్ణే నడ్వబుద్ధి గాలే. మీ నాయనమ్మ పోయినంక నాతోని గంట సేపు కూసొని మాట్లాడేది ఆయనొక్కడే గదా. ఎందుకన్ననా అని మస్తు పరేషానైన.

ఐదో నాడు నేనే ఆయనింటికి పోయిన. మంచం నిండ పుస్తకాలు! "రండి, కూర్చోండి. దూరాన ఒక చుక్క పేలితే రకరకాల వెలుగులు ఒకేసారి బయల్దేరి, దాదాపు ఒకేసారి చేరాయండీ. దారిలో ఆగితే వెనకా ముందూ అవ్వాలి కదా" అన్నడు.

నేను ఊకుంటనా? ఎందుకైతయి సార్ అన్న. నేను, మా బామ్మర్ది రెండు బస్సులు ఒకదానెనుక ఒకటి తీస్తుంటిమి. ఆగితే ఇద్దరం ఒక్కకాడనే ఆగుతుంటిమి, కల్సే లేస్తుంటిమి.

మల్ల గరమైతడనుకున్న. గాలే. అద్దాలు తీసి తుడుసుకుంట అన్నడు, "నా సర్వీసంతా వెలుగు వేగం స్థిరం అని రాసుకోండి అన్నాను, అందరూ రాసుకున్నారు. ఎవరు చూశారని ఒక్కడూ అడగలేదండీ. ఆ రోజు కోపం మీ మీద కాదు. జవాబు తోచక సిగ్గేసింది."

నాకు కండ్లల నీళ్ళు తిరిగినయే. గంత సదువుకున్నోడు నా ముంగట గట్ల ఒప్పుకునె గదా.

ఇయ్యాల్టికీ తేలలే. ఆయన ఆగదనే అంటడు, నేను ఏమో అంట. తేలకుంటెనే మంచిది, రేపటికి ముచ్చట ఉంటది. నీకు గూడ గసొంటి దోస్తు దొరకాలె బిడ్డా... సల్లగుండు.