పాతింటి చూపు

ఖరగ్‌పూర్‌లో రైలు పట్టాల పక్క బస్తీ కూల్చేశాక సాలువా దగ్గర గుడిసె వేసుకున్న పైడితల్లి, ఏడేళ్ల మనవరాలిని కంటి శిబిరానికి లాక్కొచ్చింది. పరీక్షలయ్యేసరికి నర్సు రెబెక్కాకి ఓపిక నశించింది.

“ఇన్నాళ్లూ ఏటి సేస్తున్నావు, పిన్నీ? ఈ పిల్లకి పుట్టినకాడి నుంచీ సూపు సరిగా లేదు!”

“ఊరుకో దీదీ! పాతింట్లో కుళాయి కాడికి ఒక్కర్తే ఎల్లి, చుక్క ఒలక్కుండా నీళ్లు తెచ్చీది. ఇక్కడికొచ్చినాకే ఈ పెంకితనం. కావాలనే గోడకి గుద్దుకుంటాది.”

“కావాలని ఎవరైనా గుద్దుకుంటారా? అక్కడ అలవాటు మీద తిరిగింది, పిన్నీ! సూసి కాదు.”

“నా మాట నమ్మవేటి? దాన్నే అడుగు. ‘పాతింటికి ఎల్లిపోదాం నానమ్మా, అక్కడైతే నాకన్నీ కనబడతాయి’ అని రోజూ నా పేణం తీస్తంది!”