ఎనిమిది వందల కిలోమీటర్ల ఆయిల్

మంగళవారం సాయంత్రం నాలుగుంపావుకి, ఏడో నంబర్ ట్రక్కు డ్రైవర్ గారు "నా బండి ఎలా ఉంది మేడమ్?" అని అడిగితే, "బాగుందండీ" అనేశాను. అంటున్నప్పుడే నా చేతిలో ఉన్న తెల్ల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నాను? అక్కడ మొదలైంది నాకు గుబులు. ఆ కాగితం మీద ఆ బండి ఇంజన్ ఆయిల్ చుక్క ఉంది. అందులో సన్నగా మెరుపు ఉంది. నేను మెకానికల్ చదివి ఒక ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ షెడ్డులో చేరి మూడు నెలలైంది. కొత్తగా వచ్చిన పన్నెండు ట్రక్కులకి సర్వీసు ఎప్పుడు చెయ్యాలో చార్టు రాసి సంతకం పెట్టేది నేనే. మిగతా పదకొండింటిలో ఆ మెరుపు లేదు. మేనేజర్ గారికి చెబితే "బుక్కులో ఇరవై వేల కిలోమీటర్లకి మార్చమని ఉంది, ఇది తిరిగింది రెండు వేల మూడు వందలు, ముట్టుకోకు" అన్నారు. హెడ్ మేస్త్రి అయితే "కొత్తలో అంతా మెరుస్తుంది మేడమ్, గప్‌చుప్‌గా మార్చేస్తా, మీరు ఎక్కడా రాయకండి" అన్నాడు. ఇంటికొచ్చి తాతయ్యని అడిగాను. అమ్మ వాళ్ళ నాన్న. ముప్పై ఏళ్ళు లారీ నడిపిన మనిషి. కొత్త ట్రక్కుకి ఆయిల్ ఎప్పుడు మార్చాలి తాతయ్యా అని అంతే అడిగాను, షెడ్డు సంగతి చెప్పలేదు. ఆయన చెప్పింది చెప్పినట్టు కింద టైపు చేస్తున్నాను.

ఏంటీ? ఆయిలా? ఇలా వచ్చి కూర్చో, నిలబడి అడిగితే పోలీసు అడిగినట్టు ఉంటుంది. ఆ ఫ్యాను కొంచెం తగ్గించు. ఇంకొంచెం. ఆఁ, చాలు. నాలుగేళ్ళు కాలేజీలో కూర్చుని చదివావు, అక్కడ చెప్పలేదా నీకు? పుస్తకం మొత్తం చదివాక కూడా ముసలాడి దగ్గరికి వచ్చావంటే ఏదో ఉందిలే. సరే, చెప్పకులే. ఈ ప్రశ్న నన్ను కాదమ్మా అడగాల్సింది. మా బావని అడగాలి. మా అక్క మొగుడు. నువ్వు పుట్టేసరికే పోయాడు కదా, నువ్వు ఫొటోలో చూశావు, అదిగో ఆ పెద్ద మీసాలాయన, నువ్వు చిన్నప్పుడు చూసి ఏడ్చేదానివి. నిజంగా చూస్తే ఏడ్చేదానివి కాదు. నవ్వించి చంపేవాడు. లారీల షెడ్డు ఉండేది ఆయనకి. రేకుల షెడ్డు, రెండు బండ్లు పడితే మూడోది రోడ్డు మీద. అందరూ కాంపౌండర్ అనేవాళ్ళు. ఎందుకనేవాళ్ళో చెబుతా, దాని టైమ్ వస్తుంది, తొందరపడకు.

మా బావకి కొత్త బండి అంటే పిచ్చి. పాత బండ్లు బాగుచేసి బతికేవాడే గానీ కొత్త బండి వచ్చిందంటే చాలు, చేతులు రెండుసార్లు సబ్బు పెట్టి కడుక్కునేవాడు. అప్పుడు బుక్కులో మొదటి ఆయిల్ ఐదు వేలకి మార్చమని ఉండేదో ఎంతో, నాకు సరిగ్గా గుర్తులేదు. మా బావ మాత్రం ఎనిమిది వందలు. ఎనిమిది వందల ఒకటి కూడా కాదు. "తొలి ఆయిల్ ఆయిల్ కాదురా, అది స్నానం నీళ్ళు. కొత్త ఇంజన్లో ఇనుము ఇనుముని రాసుకుని ఒళ్ళు అరగదీసుకుంటుంది. ఆ మట్టంతా అందులోకి దిగుతుంది. స్నానం చేసిన నీళ్ళు మళ్ళీ ఒంటి మీద పోసుకుంటావా?" అనేవాడు. పోసుకోను బావా అనేవాడిని. "మరి బండికెందుకు పోస్తావు, అది నోరు తెరిచి అడగదనేగా?" ఇదీ వరస. ఓనరు ఒకడు ఉండేవాడు, నేను వాడి దగ్గరే నడిపేవాడిని, సన్నగా, మాట మాత్రం లావుగా. వాడొచ్చి "బుక్కులో లేనిది నువ్వెందుకు చేస్తావయ్యా, బండి నీదా నాదా?" అని ఎగిరాడు ఒకసారి. మా బావ తాపీగా టీ తాగి, గ్లాసు బోర్లించి, "నడిచినన్నాళ్ళూ మీదే సార్. ఆగిపోయాక నా దగ్గరికి తోసుకొస్తారుగా, అప్పట్నించీ నాది" అన్నాడు. షెడ్డంతా ఒకటే నవ్వు. ఓనరుకి కూడా నవ్వొచ్చింది, ఆపుకున్నాడు.

ఆయిల్ దించడం కూడా ఒక పద్ధతి. బండి వేడిగా ఉండగానే కింద దూరేవాడు. చల్లారితే మట్టి అడుగున పట్టేస్తుంది, రాదు అని. చెయ్యి కాలేది. కాలితే ఆ వేలు చెవి తమ్మెకి పెట్టుకుని మళ్ళీ దూరేవాడు. చేతికి దొరికిన గుడ్డతో తుడిచేవాడు. ఆ గుడ్డ ఇంట్లో తుండుగుడ్డే అయ్యేది ఎప్పుడూ. మా అక్క తిట్లు చూడాలి నువ్వు. "నేను మనిషినే చేసుకున్నానా, లారీని చేసుకున్నానా? ఇంట్లో ఒక్క తుండుకైనా దాని రంగు దానికి ఉందా?" అని. ఈయన లోపల్నించి "నల్లగా ఉంటే మాపు కనపడదు కదే" అని అరిచేవాడు. నన్ను చూసి కన్ను కొట్టేవాడు. మా అక్క నా మీద పడేది. "నువ్వు నవ్వకు, నీకూ పెళ్ళవుతుంది." అయింది. మీ అమ్మమ్మ ఇంట్లోనే ఉందా? గుమ్మం వైపు చూడు. పక్కింటికి వెళ్ళిందా. అయితే సరే.

ఓనరు కొత్త బండి కొన్నాడమ్మా. లేత ఆకుపచ్చ రంగు. నాకిచ్చాడు. నాకప్పుడు ముప్పై రెండు. మీ అమ్మకి నాలుగేళ్ళు. కొత్త స్టీరింగు వాసన ఉంటుంది చూడు, అదొకటి, చెప్పినా మీకు తెలీదు, ఇప్పుడన్నీ ప్లాస్టిక్కు. వారం తిప్పి ఎనిమిది వందలు కాగానే బావ దగ్గరికి తీసుకెళ్ళా. నేను టైరు మీద కూర్చుని సైడు అద్దం తుడుస్తున్నా. బావ కింద దూరి బోల్టు విప్పి ఆయిల్ డబ్బాలోకి దించాడు. డబ్బా బయటికి లాగాడు. మామూలుగా ఒక్కసారి చూసి పక్కన పెట్టేస్తాడు. ఆ రోజు ఎండలోకి తీసుకెళ్ళాడు. వంచాడు. రెండు వేళ్ళతో తీసి రాసి చూశాడు. మళ్ళీ రాసి చూశాడు. "ఏంటి బావా?" అన్నా. "ఏం లేదురా, నీ మొహం కనపడింది అందులో, దడుచుకున్నా" అన్నాడు. నేను నవ్వేశా. ఇంకేముంది, నవ్వేశాక అయిపోయింది కదా. పాత ఆయిల్ ఎప్పుడూ కలప అడితివాళ్ళు పట్టుకెళ్ళేవాళ్ళు, చెదలు పట్టకుండా దుంగలకి పూసుకోడానికి. ఆ రోజు వాళ్ళు రాకముందే తనే తీసుకెళ్ళి షెడ్డు వెనక గుంటలో పారబోశాడు. నాకు అదీ కనపడింది. కనపడితే? పారబోశాడు అనుకున్నా. కొత్త ఆయిల్ పోశాడు, తేనెలా ఉంది. బానెట్టు మీద రెండు తట్టు తట్టి "వెళ్ళిరా" అన్నాడు.

ఆరు వారాలు బంగారంలా నడిచింది. మధ్యలో ఒకటి రెండుసార్లు లోపల ఎవరో గోరుతో తలుపు మీద కొట్టినట్టు టక్ టక్ మంది. అరే అనుకున్నా. మళ్ళీ, బావ చూశాడు కదా అనుకున్నా. ఆయన చేతిలోంచి వచ్చిన బండి అంటే నాకు అంత ధీమా. వేరే మేస్త్రి అయితే ఆ శబ్దానికి అక్కడే ఆపి దిగేవాడిని తల్లీ. ఆ టక్ టక్ విని కూడా పాట పాడుకుంటూ పోయాను.

కొండ దిగుతున్నా. సిమెంటు లోడు. మూడో గేరు. మలుపు ఇంకా రాలేదు, అక్కడికి ఒక యాభై గజాలు ఉంటుంది. ఒక్కసారిగా ఇంజన్ పట్టేసింది. పట్టేయడం అంటే నీకు తెలుసుగా, ఇంజన్ తిరగనంటే వెనక చక్రాలు కూడా తిరగవు, లోడు మాత్రం తోస్తూనే ఉంటుంది. ఆ క్షణం చెయ్యాల్సింది ఒకటే, క్లచ్ తొక్కాలి. తొక్కితే చక్రాలు ఇంజన్ పట్టు నించి విడిపోతాయి, బ్రేకుతో చూసుకోవచ్చు. పదేళ్ళ డ్రైవర్ని, నాకు తెలీదా? కానీ ముందు "ఏమైంది" అనుకున్నా. ఏమైంది అనుకోడానికి ఎంతసేపు పడుతుంది? చిటికె. ఆ చిటికెలో బండి అడ్డం తిరిగి కొండ వైపు గోడకి కొట్టుకుంది. అటు వైపు కాబట్టి ఇలా కూర్చుని మాట్లాడుతున్నా. ఇటు లోయ వైపు అయితే మీ అమ్మ పెళ్ళికి నేను ఫొటోలో ఉండేవాడిని. ఈ కాలు విరిగింది అప్పుడే. నువ్వు చిన్నప్పుడు అడిగితే మెట్ల మీంచి పడ్డానని చెప్పా కదా. ఆఁ, అబద్ధమే. కొన్ని చెప్పాలి పిల్లలకి.

ఆసుపత్రిలో నెలన్నర. మా బావ రోజూ వచ్చేవాడు. మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చోడం, కాసేపుండి లేచి పోవడం. జోకులు లేవు. మీసం కూడా దువ్వుకోలేదు. నేనే "ఏంటి బావా, కాలు నాది విరిగితే నడక నీది పోయిందేంటి?" అన్నా. ఐదో రోజో ఆరో రోజో, మా అక్క టీ తేవడానికి కిందకి వెళ్ళింది. అప్పుడు నేల చూస్తూ అన్నాడు. "చూశానురా. ఆ రోజే చూశా. మెరుపు మామూలు మెరుపు కాదు, ఇత్తడిలా పచ్చగా ఉంది. రేకులు రేకులుగా ఉంది. బేరింగు అరుగుతోందని తెలిసింది. మళ్ళీ, కొత్త బండి కదా, ఎందుకు అరుగుతుంది అనుకున్నా. విప్పుదామంటే బుక్కుకి ముందే నేను చెయ్యి పెట్టానని ఓనరు ఒంటికాలి మీద లేస్తాడు. కొత్త ఆయిల్ పోస్తే అదే సర్దుకుంటుందిలే అనుకున్నా. పోశాక మళ్ళీ తీసి చూస్తే శుభ్రంగా ఉంది. నేనే శుభ్రం చేసి, శుభ్రంగా ఉందని నేనే మురిసిపోయా." ఇదే మాట. నలభై ఏళ్ళు దాటింది, ఒక్క ముక్క మర్చిపోలేదు. తర్వాత ఇంజన్ విప్పితే తెలిసింది, ఒక బేరింగుకి ఆయిల్ వెళ్ళే సన్నటి దారిలో ఇనప ముక్క ఇరుక్కుని ఉంది, తయారైన చోటే పడిపోయినట్టుంది. దానికి ఎనిమిది వందలకి మార్చినా ఒకటే, ఎనిమిది వేలకి మార్చినా ఒకటే. ఆయిల్ తప్పు కాదది. ఆయిల్ పాపం ఉన్నది ఉన్నట్టు చెప్పింది. చెప్పినదాన్ని పట్టుకెళ్ళి గుంటలో పోశాడు.

కోపమా? రాకుండా ఎలా ఉంటుంది. కానీ నాకు దేనికొచ్చిందో తెలుసా? మార్చినందుకు కాదు, విప్పనందుకు కూడా కాదు. మేస్త్రి అన్నాక అనుమానాలుంటాయి, అన్నీ విప్పుకుంటూ కూర్చుంటే ఏ బండీ రోడ్డెక్కదు. నేను అక్కడే టైరు మీద కూర్చుని అడిగాను కదా, ఏంటి బావా అని. "ఏదో తేడాగా ఉందిరా, చూసుకుని నడుపు" అంటే ఏం పోయేది? అంటే నేను ఒక చెవి ఇంజన్లో పెట్టుకుని నడిపేవాడిని. ఆ టక్ టక్‌కి ఆగేవాడిని. ఆగకపోయినా, పట్టేసినప్పుడు కాలు దానంతటది క్లచ్ మీదకి పోయేది. ఆ చిటికె మిగిలేది నాకు. ఇవన్నీ ఆయనతో అందామనే అనుకున్నా. మెట్ల మీద మా అక్క చెప్పుల చప్పుడు వినపడింది. "అక్కకి చెప్పకు" అన్నా. అంతే వచ్చింది నోటికి. మా అక్క టీ తెచ్చి, "ఏంటి బావా బావమరిదీ ఇద్దరూ మూగనోము పట్టారు?" అంది. మీ అమ్మమ్మకి కూడా ఇప్పటికీ తెలీదు. నీకెందుకు చెప్పానో. నువ్వూ ఒక షెడ్డులోనే పడ్డావు కదా, అందుకేమో.

ఆఁ, కాంపౌండర్. అది తర్వాతే. కాలు కూడి కర్ర పట్టుకుని నేను షెడ్డుకి వెళ్ళేసరికి కిటికీ నిండా సీసాలు. ఖాళీ మందు సీసాలు, దగ్గు మందువి. ప్రతి కొత్త బండిదీ కొంచెం ఆయిల్ తీసి, సీసాలో పోసి, బండి నంబరు అంటించి ఎండకి పెట్టేవాడు. పాడైపోయిన రేడియోలోంచి పీకిన అయస్కాంతం ఒకటి ఉండేది. సీసా బయట ఆనించి మెల్లగా పైకి లాగేవాడు. అయస్కాంతం వెంట ఎక్కితే ఇనప పొడి, కొత్త ఇంజన్లో అది ఉంటుంది, పర్లేదు. ఎక్కకుండా అడుగునే కూర్చుని మెరిసిందనుకో, అది బేరింగుది. జనం ఏడిపించేవాళ్ళు. "కాంపౌండర్ గారూ, మా బండికి రోజుకి ఎన్ని చెంచాలు?" అని. పడేవాడు. ఏది తేలినా ఓనరుతో చెప్పేవాడు కాదు, ముందు ఆ బండి డ్రైవర్ని పిలిచేవాడు. సీసా వాడి చేతికిచ్చి, "ఇదిగో నాయనా, నీ బండి లోపల ఇది ఉంది, చూసుకో" అనేవాడు. కొందరు చూసేవాళ్ళు. కొందరు "నాకేం తెలుసన్నా, నువ్వే చెప్పు" అని తిరిగిచ్చేసేవాళ్ళు. అలా తిరిగిచ్చినవాళ్ళ బండి మాత్రం విప్పకుండా వదిలేవాడు కాదు, ఎవడు అరిచినా.

ఇంక ఎప్పుడు మార్చాలంటావా? ఇప్పటి ఆయిల్ వేరమ్మా, ఇంజన్లు వేరు. బుక్కులో ఎప్పుడు రాస్తే అప్పుడు మార్చండి. మా బావ కూడా ఆఖర్న బుక్కు ప్రకారమే మార్చేవాడు. ఎనిమిది వందలకి సీసా మాత్రం పట్టేవాడు.

ఏంటీ? నేనా? ఆయన్ని క్షమించానా? ఏమో. మళ్ళీ ఆ మాట మా ఇద్దరి మధ్య రాలేదు. పోయే ముందు కూడా నా కాలు వంకే చూసేవాడు గానీ... ఆ కిటికీ వెయ్యి, దుమ్మొస్తోంది. వేసి నువ్వు వెళ్ళి తిను, చల్లారిపోతుంది.

అంతే. తాతయ్య చెప్పింది ఇక్కడితో అయిపోయింది. ఏడో నంబర్ ఆయిల్ బుధవారం కొంచెం గాజు సీసాలో తీశాను. అయస్కాంతం పెట్టి లాగితే చాలావరకు పైకి వచ్చింది. అడుగున కొద్దిగా మిగిలింది. పచ్చగా ఉన్నట్టే ఉంది. లైటు పచ్చదనమో, నా భయమో తేల్చుకోలేకపోతున్నాను. రేపు ఉదయం ఆరున్నరకి ఆ బండి లోడుతో బయల్దేరుతుంది, దారిలో ఘాట్ రోడ్డు ఉంది. ఆరింటికే వచ్చి ఆయిల్ మార్చేస్తానని మేస్త్రి మెసేజ్ పెట్టాడు. మార్చేస్తే ఇంక ఎవరికీ చూపించడానికి ఏమీ ఉండదు. రిజిస్టర్లో రాస్తే బండి ఆగుతుంది, బండి తయారుచేసిన కంపెనీవాళ్ళు వచ్చి ఇంజన్ విప్పాలి. ఏమీ లేదని తేలితే నా ఉద్యోగం ఉంటుందో లేదో తెలీదు. డ్రైవర్ గారి నంబర్ నా దగ్గరుంది. కానీ చెప్పాక, బండి తియ్యనని ఆయన అనగలరా? అనలేకపోతే, నా భయం తీసుకెళ్ళి ఆయన నెత్తిన పెట్టి నేను పడుకున్నట్టే కదా? మీలో షెడ్డుల్లో పనిచేసినవాళ్ళు, బండి నడిపినవాళ్ళు ఉంటే చెప్పండి. ముందు ఆయనకి ఫోన్ చెయ్యనా, రాసి బండి ఆపెయ్యనా?