ఇంకా కిందికి దిగని బాణం

గొప్పలు చెప్పుకోవడం నాకు అలవాటు లేదు. దేవుడిచ్చిన చేతులు, దేవుడిచ్చిన కర్ర, మధ్యలో నాదేముంది? కానీ జరిగింది చెప్పకుండా దాచుకుంటే అదీ ఒకరకం అబద్ధమే కదా, అందుకని చెబుతున్నాను. దర్జీ బావా, కాస్త అటు జరుగు, మా మేనకోడలిని కూర్చోనివ్వు.

అలా మొదలుపెట్టాను, మధ్యాహ్నం మూడింటికి, నా కొట్టు ఎదురుగా ఉన్న టీకొట్టు బల్ల మీద. మేనకోడలు వచ్చి కూర్చుంది. ఒళ్ళో పొడుగాటి గుడ్డసంచి, సంచిలో నేను చేసిన విల్లు. కొట్లో మూలన పెట్టినదాన్ని తనే తీసుకుని వచ్చేసింది. నాలుగింటి బస్సెక్కి వెళ్ళాలి, రేపు పొద్దున విలువిద్య జట్టు ఎంపిక. ఎవరి విల్లు వాళ్ళే తెచ్చుకోవాలని అక్కడి షరతు. ఆర్నెల్లుగా అరువు విల్లుతో సాధన చేస్తూ, రేపటి కోసం నన్ను నమ్ముకుని ఉంది పిల్ల.

మీకు మాత్రం చెబుతాను. ఆ విల్లు పొద్దున పదింటికి ‘టిక్’ మంది. గోటితో గాజు గ్లాసు అంచు మీద కొడితే ఎంత వినబడుతుందో అంతే. కర్ర లోపల పీచు తెగితే వచ్చే చప్పుడు అది. అలాంటి విల్లు నెల్లాళ్ళు నిలవొచ్చు, ఈసారి లాగగానే రెండు ముక్కలై కంట్లోకీ రావొచ్చు. ఆ సంగతి నాకూ దేవుడికీ తప్ప ఎవరికీ తెలీదు. నేను మాట్లాడుతున్నంతసేపూ పెద్దవాళ్ళ మాటకి అడ్డం రాకూడదని పిల్ల సంచి విప్పదు. నాలుగయ్యేలోపు ఆ పైవాడు నాకేదో ఒక దారి చూపించకపోతాడా అని మాట్లాడుతూ ఉన్నాను.

“ముందు కర్ర సంగతి వినండి,” అన్నాను. “కలప అడితిలో నూట నలభై దుంగలు పడి ఉన్నాయి. నేను దేన్నీ చూడలేదు. కళ్ళు మూసుకుని, దణ్ణం పెట్టుకుని, వేలి కణుపుతో ఒక్కోదాన్నీ తట్టుకుంటూ పోయాను. నూట ముప్పై తొమ్మిది మామూలుగా పలికాయి. ఒక్కటి మాత్రం ‘ఊఁ’ అంది.”

“ఎవరో ఆవులించి ఉంటారు,” అన్నాడు దర్జీ బావ.

“అడితి వాడూ అదే అన్నాడు. చీల్చి చూపించాక నోరు మూశాడు. ఎందుకో చెబుతాను. విల్లుకి వీపూ ఉంటుంది, పొట్టా ఉంటుంది. లాగేవాడి వైపున్నది పొట్ట, గురి వైపున్నది వీపు. చెట్టు ఏడాదికో పొర వేసుకుంటుంది కదా, వీపు మీద ఈ కొస నుంచి ఆ కొసదాకా ఒకే ఏడాది పొర ఉండాలి. లాగినప్పుడు సాగేది అదే. దాని మీద గోరుగీత పడినా అది ఇక విల్లు కాదు, పొయ్యిలో కట్టె. చెక్కడమైనా గీకడమైనా పొట్ట వైపే.”

“ఆ మాట నాకు వెయ్యిసార్లు చెప్పావు మావయ్యా,” అంది మేనకోడలు. వేళ్ళు సంచి ముడి మీదకి వెళ్ళాయి.

“ఆగు తల్లీ, అసలు సంగతి ఇప్పుడే మొదలైంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బాడిసతో మోటుగా చెక్కాను, చిత్రిక పట్టాను, ఇక గాజుపెంకుతో గీకడం. నా చేతి కింద పొట్టు ఎంత పల్చగా లేచిందంటే, ఒక పొర కొట్లోంచి ఎగిరి, ఈ వీధి దాటి, ఈ బావ కనురెప్ప మీద వాలింది. రెండ్రోజులు రెప్ప మీదే ఉంది, అడుగు.”

“ఆ రెండ్రోజులూ సూదిలో దారం ఎక్కలేదు, నిజమే,” అన్నాడు దర్జీ బావ. “నా కళ్ళజోడు మారాలనుకున్నాను.”

టీకొట్టాయన నవ్వుతూ గ్లాసులు కడుగుతున్నాడు. ఆయన తల వెనక గోడ గడియారం మూడు ఇరవై.

“వంపు సరిచూడటం ఉందే, అక్కడ మనిషి బయటపడతాడు,” అన్నాను. “నా కొట్లో గోడకి పలక కొట్టి ఉంటుంది, దాని మీద బెత్తెడు బెత్తెడుకీ గీతలు. విల్లు పిడిని పలక తల మీద ఆనించి, విల్లుతాడుకి కట్టిన తాడుని కింది గిలకలోంచి తెచ్చుకుని, దూరంగా నిలబడి లాగాలి. ఒక గీత దాకా లాగడం, పిడికి అటూ ఇటూ ఉన్న రెండు రెక్కలూ ఒకేలా వంగాయా చూడటం, బిర్రుగా ఉన్నచోట నాలుగు గీకులు, మళ్ళీ ముప్పైసార్లు మెల్లగా లాగడం, మళ్ళీ చూడటం. గీత గీతకీ ప్రాణం నోట్లోకి వస్తుంది. గీకింది ఎక్కువైతే తిరిగి అతికించలేం. మామూలు పనివాడు ఒక విల్లుకి వారం తీసుకుంటాడు. నేను ఒక పూటలో…”

“పదిరోజులు పట్టింది,” అంది పిల్ల.

“పూటకి పది గీతలు అంటున్నా. విను. రెండు రెక్కలూ ఎంత సమానంగా వంగాయంటే, ఈ కొస మీద ఒక ఈగ, ఆ కొస మీద ఒక ఈగ వాలి ఉన్నాయి, నేను తాడు వదిలితే రెండూ ఒక్కసారే లేచి, గాల్లో ఒకదానికొకటి గుద్దుకుని కిందపడ్డాయి. తాడుకి ముందు ఇటుకలు కట్టాను, చాల్లేదు. ఈ బావ కుట్టుమిషను కట్టాను.”

“నా మిషనా? ఎప్పుడు?”

“నువ్వు భోజనానికి వెళ్ళినప్పుడు. అదీ చాల్లేదు. వీధిలో ఆగిన లారీ ఇంజను విప్పించి కట్టాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? విల్లు వంగింది, ఇంజను కిందకి దిగింది, మళ్ళీ విల్లు నిటారుగా అయ్యేసరికి ఇంజను ఎగిరి లారీలో దాని చోట అది కూర్చుంది. డ్రైవరు బోల్టులు కూడా బిగించుకోలేదు.”

టీకొట్టాయన చేతిలో గ్లాసు పక్కన పెట్టేశాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటున్నాడు. మేనకోడలు నవ్వలేదు. నన్నే చూస్తోంది. చిన్నప్పుడు జ్వరంగా ఉన్నా లేదని నేను బొంకినప్పుడు మా అక్క అలాగే చూసేది.

“మావయ్యా, మూడున్నరైంది. ఒకసారి ఎక్కుపెట్టి చూసుకుంటా. చేతికి అలవాటవ్వాలి.” ముడి సగం వదులైంది.

“బాణం సంగతి వినవా మరి?” నా గొంతు కాస్త పైకి లేచింది. “మొన్న పెరట్లో నిలబడి, దేవుణ్ణి తలుచుకుని, ఆకాశంలోకి ఒక్క బాణం వేశాను. తాడు మోగిన మోతకి ఈయన గ్లాసులన్నీ మోగాయి, గుళ్ళో గంట ఎవరూ కొట్టకుండా మూడుసార్లు మోగింది. బాణం వెళ్ళి నల్లమబ్బులో దూరింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మబ్బుకి చిల్లు పడింది. ఆ ఒక్క చిల్లులోంచి వాన. ఊరంతా ఎండ, మా పెరట్లో ధార. మా ఆవిడ బిందె పెట్టి పట్టుకుంది. నిండగానే ఆగింది.”

“మరి బాణం?” అన్నాడు టీకొట్టాయన.

“అదే కదా. ఇంకా కిందికి రాలేదు.”

బల్ల అంతా ఘొల్లుమంది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు తెలీదు. పక్కన ప్రమాదం కూర్చుని ఉందన్నదీ మర్చిపోయాను. నా నోటికి తాడు లేదు, వదిలేశాను. “అలాంటి విల్లు మీద నా గుర్తు లేకపోతే ఎలా? నిన్న సాయంత్రం స్వామి ముందు కూర్చుని, చిన్న ఉలితో తామరమొగ్గ చెక్కాను. ఎక్కడ చెక్కమంటావని విల్లునే అడిగాను. నలుగురికీ కనబడేచోట చెక్కమంది.”

పిల్ల చెయ్యి ముడి మీద ఆగిపోయింది.

“నలుగురికీ కనబడేచోటంటే ఎటువైపు మావయ్యా?”

తను ముడి విప్పింది. విల్లు బయటికి తీసి వీపు పైకి తిప్పింది. పిడికి జానెడు పైన, పై రెక్క మీద, తామరమొగ్గ. చాలా బాగా వచ్చింది, అది మాత్రం ఇప్పటికీ అంటాను. బొటనవేలి గోరు రెక్క మీద పైనుంచి మెల్లగా జార్చుకుంటూ వచ్చింది. మొగ్గ దగ్గర గోరు తట్టుకుని ఆగింది.

“గోరుగీత పడినా పొయ్యిలో కట్టె అన్నది ఎవరు?”

దర్జీ బావ నవ్వు మధ్యలో ఆగింది.

“మబ్బుని చీల్చిన విల్లు కదా,” అని పిల్ల దాన్ని రెండు చేతులతో నా ముందు పెట్టింది. “నువ్వొకసారి లాగు మావయ్యా. మొహం దగ్గరికి.”

చెయ్యి చాచాను. చెయ్యి విల్లుదాకా వెళ్ళలేదు.

“ఎన్నిసార్లు ‘టిక్’ మంది?”

“ఒకసారి.”

తను విల్లుని ఇంకాస్త నా ముందుకి జరిపింది.

“రెండుసార్లు,” అన్నాను. “పొద్దున పదింటికి, మళ్ళీ పదకొండింటికి. దేవుడి మీద ఒట్టు, నీ చేతికి ఇవ్వకూడదనే మూలన పెట్టాను. చెప్పడానికే నోరు రాలేదు.”

“నోరు రాలేదా,” అన్నాడు దర్జీ బావ మెల్లగా. దానికి ఎవరూ నవ్వలేదు.

గడియారం మూడు నలభై. పిల్ల కళ్ళల్లో నీళ్ళు వచ్చి, వెనక్కి పోయాయి. లేచి వీధి దాటి నా కొట్లోకి నడిచింది. వెనకే వెళ్ళాను. మిగతావాళ్ళు గుమ్మం దగ్గర ఆగారు.

“నీ తువ్వాలు తీసుకో.”

పోయినేడు నా దగ్గర నేర్చుకుంటూ తను చేసిన విల్లు గోడకి మేకు మీద ఉంది. పై రెక్కలో కర్ర ముడి ఉంటే, తను దాన్ని కొయ్యకుండా చుట్టూ ఎక్కువ కర్ర వదిలి, వీపు మీద పొర ఎటు తిరిగితే అటే తిరిగి వచ్చింది. అక్కడ చిన్న బుడిపె. ఆ బుడిపె చూసి నేను నలుగురి ముందూ నవ్వాను. ఇది విల్లు కాదమ్మా, దండెం అని, ఆ రోజునుంచీ నా తువ్వాలు దాని మీదే ఆరేస్తున్నాను.

తువ్వాలు తీశాను. తనే తాడు తగిలించి, పలక మీద ఆనించి, గిలక తాడు నా చేతికి ఇచ్చింది. మొదటి గీత దాకా లాగాను. చెవి అంతా కర్ర మీదే. ఇరవై, ముప్పైసార్లు. రెండో గీత. మూడోది. చివరి గీత దాకా లోపల్లోపల దేవుణ్ణి పిలుస్తూనే ఉన్నాను. బుడిపెతో సహా రెండు రెక్కలూ ఒక్కలాగే వంగాయి. చప్పుడు లేదు.

తాడు మెల్లగా వదిలాను. అలవాటుగా నా చెయ్యి ఉలి వైపు వెళ్ళింది. పిల్ల చూసింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

“ఎవరు చేశారని అడుగుతారు అక్కడ,” అంది, విల్లు సంచిలో పెడుతూ.

“నువ్వే చేశావని చెప్పు. అది నిజం.”

నాలుగింటి బస్సు మలుపు తిరిగేదాకా వీధిలో నిలబడ్డాను, తువ్వాలు భుజం మీద వేసుకుని. వెనక్కి వచ్చి బల్ల మీద కూర్చుంటే టీకొట్టాయన గ్లాసు నా ముందు పెట్టాడు.

“ఇంతకీ ఆ బాణం కిందికి దిగిందా?”

“దిగింది,” అన్నాను. “ఇందాకే.”