నా జబ్బు నీ నోట

1994లో ఒక ఉదయం. దోహాలో, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ దగ్గరి క్లినిక్ బయట ఆగిన కారులో ఒకే ఇంటి వంటమనిషి, డ్రైవరు మాట్లాడుకుంటున్నారు. ఇద్దరిదీ కడప పక్క.

“ఏమన్నాడక్కా డాక్టరు?”

“హిస్టీరియా అంట. పెండ్లి చేసుకుంటే పోతాదంట.”

“నీకు ఎప్పుడో అయింది గదా!”

“మొగుడు పోయినాడని చెప్పినా. అందుకే వచ్చిందన్నాడు. మొగుడు ఉన్నప్పుడు కడప డాక్టరు గూడా ఇదే జబ్బన్నాడు.”

“మూడుసార్లు వంటింట్లో కండ్లు తిరిగి పడితివే! చెయ్యి పట్టి చూసినాడా?”

“మొగం గూడా చూడలా. ఇంగోసారి పడితే ఊరికి పంపిస్తానంది మేడమ్. నువ్వు లోపలికి పోయి, నా జబ్బంతా నీదని చెప్పన్నా.”

గంట తర్వాత అతను మోచేతి మీద దూది అదుముకుంటూ వచ్చాడు.

“నెత్తురు తీసినారక్కా! పాపం, చానా కష్టపడతాండావు అన్నాడు.”

“నెత్తురు ఎట్లుందంట?”

“నాది గదా, బ్రహ్మాండంగా ఉందంట. అయినా బలం మాత్రలిచ్చి, నన్ను వారం పండుకోనియ్యమని మేడమ్‌కు చీటీ రాసినాడు.”

“మాత్రలు నాకియ్యి. మరి పండుకునేదెవురు?”

“చీటీ నా పేరు మీదుంది గదక్కా.”

“సరే, పండుకో. నీకు గంజి గూడా నేనే కాస్తా. మూలగొద్దు మాత్రం, హిస్టీరియా అంటారు.”