మొదటి దెబ్బకూ రెండో దెబ్బకూ నడుమ

(బేతంచెర్లలో డోలు దస్తగిరి ఇంటి వసారా. కోయిలకుంట్ల బట్టలంగడి ప్రమీలమ్మ మంచం పట్టె మీద కూర్చోనుంది.)

“ఆకూవక్కా నా చేతికియ్యొద్దమ్మా. నేను పెండ్లి మేళం మానేసి ఏడాది దాటింది. కావల్లంటే మా తమ్మునికి చెప్తా, వాడు బాగా కొడతాడు.”

“మీ తమ్ముడు నాకేంటికి దస్తగిరప్పా? మా హరిత పెండ్లికి కొట్టింది నువ్వు.”

“చేతులు నొప్పులమ్మా. అరవై రెండేండ్లొచ్చె.”

“నొప్పులా? మొన్న మద్దిలేటి సామి ఉత్సవంలో కొడతాంటే చూసినాన్లే.”

“దేవునికి కొడతా. పీర్లకు కొడతా. పెండ్లికే... వద్దులేమ్మా. టీ చల్లారిపోతాంది, తాగండి.”

“టీకి రాలేదప్పా నేను. మా చిన్నది పద్మప్రియకు సంబంధం కుదిరింది. నంద్యాల పిల్లోడు, మందులంగడి. మంచోడు. దానికి గూడా నచ్చినాడు.”

“మంచి మాట చెప్తిరి. అల్లా సల్లగా చూడల్ల.”

“కానీ పీటల మీద కూర్చోనంటాంది.”

“నచ్చినాడంటిరే?”

“నచ్చినాడు. అయినా కూర్చోదంట. ‘తాళి కట్టే యాళకు అక్క ఏమో అనింది. అదేందో కనుక్కోని రా, అప్పుడు కూర్చుంటా’ అంటాంది. నెల నుంచి ఇదే మాట. అన్నం పెట్టినా ఇదే, పడుకోమన్నా ఇదే.”

“ఆ గలాటాలో ఎవరేమన్నా అంటారమ్మా. చిన్నపిల్ల, మరిచిపోతాదిలే.”

“ఇరవై మూడేండ్లు దానికి. ఏమీ మరిచిపోదు. ఈ వీడియో చూడు. చూడప్పా, తల తిప్పుకుంటావేంటికి?”

“కండ్లద్దాల్లేవు.”

“నీ అద్దాలు నీ జేబులోనే ఉండాయి.”

“ఊ... చూస్తాండాలే.”

“ఇదిగో, తల వంచుకోనుండాది. జీలకర్రా బెల్లం అయిపోయింది. ఇప్పుడు తలెత్తింది, చూడు. నోరు తెరిచింది. పెదాలు కదిలినాయి. ఆడికి నీ డోలు మొదలు. ఇంగ ఏమీ ఇనపడదు. వీడియో తీసిన ఆయప్పను పట్టుకోని అసలు కార్డు గూడా తెప్పించినా. దాంట్లోనూ నీ డోలే.”

“గట్టిమేళమంటే అదేగదమ్మా. ఇనపడకుండా కొట్టేదే.”

“అవునప్పా. ఇనపడకుండా కొట్టేదే.”

“మా జేజినాయన చెప్తాండె. ఆ గడియలో తుమ్ము, ఏడుపు, పాడుమాట ఏదీ చెవిన పడగూడదని పెద్దోళ్ళు పెట్టినారంట. పిల్ల మంచికేనంట.”

“పిల్ల మంచికే!”

“మా జేజినాయన మాటమ్మా, నాది గాదు.”

“మీ ఇండ్లల్లోనూ ఇంతేనా? మీ ఆడపిల్లోళ్ళ నోటికి గూడా డోలు అడ్డం పెడ్తారా?”

“మేము దూదేకులోళ్ళం. మీ పెండ్లిండ్లకు కొట్టి బతికినోళ్ళం. మా నిఖాలో మటుకు ఆ గడియకు డోలు బయట పెట్టేస్తాం. పిల్లను అడుగుతారు, ఒప్పుకుంటావా అని. మూడు మాట్లు అడుగుతారు. దగ్గొచ్చినా మింగుతాం, ఆ పిల్ల మాట ఇనపడల్ల గదా. మా కూతురు మాబున్ని మూడో మాటుకు గానీ నోరిప్పలేదు.”

“జ్ఞానమణి టీచరు కూతురి పెండ్లికి కర్నూలు చర్చికి పోయింటి. ఆడా అంతే. అంతసేపూ పాడినోళ్ళు టక్కున ఆపేసినారు. ‘ఈ పెండ్లి వద్దనేటోళ్ళు ఎవరన్నా ఉంటే ఇప్పుడే చెప్పండి’ అనినాడు ఫాదరు. పిల్లనూ అడిగినాడు, ఇష్టమేనా అని. ఫ్యాన్లు తిరిగే సప్పుడు తప్ప ఏమీ లేదు. నాకు నవ్వొచ్చింది ఆ పొద్దు. ‘ఇదేం పెండ్లే, సావింట్లో మాదిరి’ అని మా హరిత చెవిలో అంటి.”

“ఆయమ్మ ఏమనె?”

“‘నాకు నచ్చిందమ్మా’ అనె. ‘ఆ పిల్లను అడిగినారు గదా’ అనె. అప్పటికి దానికి పదారేండ్లు.”

“ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతమ్మా. డోలు ఒకటే. అదే తోలు, అదే కట్టె. పీర్ల గుండం కాడ కొడితే ఏడుస్తారు, తేరు కాడ కొడితే టెంకాయలు కొడతారు. అర్థం డోలులో లేదు, ఇనేటోళ్ళ కాడ ఉండాది. ఇంగ ఇప్పుడు డీజేలొచ్చినాయి. దేనికైనా అదే పాట. ఎవరింట్లో ఏమైతాండాదో సప్పుడును బట్టి చెప్పలేకుండా పోయె...”

“అదంతా నాకొద్దు. ఆ పొద్దు మా పిల్ల ఏమనింది?”

“నేనినలేదమ్మా.”

“పీటలకు నాలుగు మూరల దూరంలో ఉంటివి.”

“డోలు నా కడుపు మీదనే ఉండాది గదా. ఏమి ఇనపడతాది?”

“దస్తగిరప్పా, ఈ వీడియో ఎన్నిమాట్లు చూసినానో నాకే తెలీదు. నీ దెబ్బ ఒకటి పడింది. రెండోది ఆలస్యమైంది. ఇను. ఇదిగో పడింది... చూడు, ఆగింది... ఇప్పుడు పడింది రెండోది. నలభై ఏండ్లుగా కొడతాండావే, గట్టిమేళంలో నీ చెయ్యి ఎప్పుడన్నా ఆగిందా?”

“కట్టె జారింది.”

“జారలేదు. నీ మొగం గూడా పడిందప్పా. ఉండు, పెద్దది చేసి చూపిస్తా. ఇది కట్టె జారినోని మొగమా?”

“ఆపండమ్మా.”

“చూడు.”

“ఆపండి. మీకు దండం పెడ్తా, ఆపేయండి దాన్ని.”

“ఆపినాలే. ఏడుస్తాండావేంటికి?”

“ఏడుపేం లేదు. బండలు కోసే మిషన్ల దుమ్ము. ఈ ఊర్లో కండ్లెప్పుడూ ఇంతే.”

“అంతా ఆ అయ్యవారి వల్లనే. మంత్రం ముగియకముందే చెయ్యెత్తినాడు. రోంత తాళింటే ఆ పిల్ల మాట బయటికొచ్చుండు.”

“అయ్యవారిని అనొద్దండమ్మా, పాపం. ఆయన రెండు చేతుల్తో తాళి పళ్ళెం పట్టుకోనుండె.”

“మరి నువ్వెట్ల మొదలుపెడ్తివి? నీ అంతకు నువ్వే కొడ్తివా?”

“చెయ్యి లేస్తేనే కొడతామమ్మా. మా పనంతా అదే. చెయ్యి లేస్తే కొట్టల్ల, దిగితే ఆపల్ల. ఎవరిదని అడగం. ఏంటికని అడగం.”

“ఎవరు ఎత్తినారు?”

“ఎవరో పెద్దోళ్ళు. గుర్తులేదు.”

“గుర్తులేదా?”

“లేదు. మీరప్పుడు నా పక్కన స్తంభం కాడ...”

“నేనా? నేనేంటికి ఉంటా ఆడ? అక్షింతల తట్ట పట్టుకోని యాడో వెనకాల ఉంటి.”

“అవునవును. వెనకాల ఉంటిరి. నేనే మరిచిపోతి.”

“ఊ.”

“ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దండి. ఆయమ్మ అంతకుముందు మీకేమీ చెప్పలేదా?”

“ఏం చెప్తాది? ఏమీ చెప్పలేదు.”

“పోనీలేండి.”

“చెప్పింది. వారం ముందర చెప్పింది. ‘ఆయప్ప ఫోన్లో అరుస్తాడమ్మా. ఎత్తేది రోంత ఆలస్యమైతే బండబూతులు తిడ్తాడు. నాకు భయమైతాంది’ అనింది.”

“మీరేమంటిరి?”

“‘పెండ్లయితే మెత్తబడతాడులే’ అంటి. పత్రికలు పంచేసింటిమి గదప్పా. ‘ఇప్పుడు ఆపితే రేపు నీ చెల్లెలికి ఎవరొస్తారే’ అంటి. ఈ నోటితోనే అంటి.”

“ఆయమ్మ?”

“ఇంగ మాట్లాడలేదు. జడ అల్లించుకోని పోయింది. ఏడు నెలలుండె ఆ ఇంట్లో. రోజూ ఫోన్ చేసేది. ‘బాగుండానమ్మా’ అనేది. ఎనకాల టీవీలో పాటలు గట్టిగా మోగుతాండె. ఎప్పుడు చేసినా పాటలే. మా పిల్ల సంతోషంగా ఉండాది, ఇల్లంతా పాటలే అని అంగడికొచ్చినోళ్ళకంతా చెప్పుకుంటి. ఏడుపు నాకు ఇనపడకూడదని పెట్టుకుంటాండెనని, కేసీ కాలవ కాడ దాని శవాన్ని పడుకోబెట్టినాంక గానీ తెలీలేదు నాకు.”

“ఊరుకోండి తల్లీ. ఊరుకోండి.”

“ఎట్ల ఊరుకునేది? గుడి మైకులో పాటేసినా చెవులు మూసుకుంటా.”

“నేనూ సుఖంగా లేనమ్మా. కబురు తెలిసిన పొద్దే ఆ పెండ్లిండ్ల డోలు తోలు విప్పేసినా. మా ఇంట్లోది ‘నీదేం తప్పు, చెయ్యి లేసింది, కొడ్తివి’ అంటాది. కానీ ఇన్నాను గదా. ఇని గూడా రెండో దెబ్బ కొట్టినాను గదా. చెయ్యి దిగలేదు మరి. ఇంకా బిరీన ఊపుతాండె. నేను ఇంకా గట్టిగా కొడితి. మూడోది, నాలుగోది... ఆ పిల్ల తల వంచేసింది.”

“అంటే ఇన్నావు.”

“అల్లా...”

“ఇన్నావు దస్తగిరప్పా. నీ నోట్లోంచే వచ్చింది.”

“ఇన్నా. మొదటి దెబ్బకూ రెండో దెబ్బకూ నడుమ పడింది మాట. నాకొక్కనికే ఇనపడింది.”

“చెప్పు.”

“వద్దమ్మా. మీ మంచి కోరే చెప్తాండా. కొన్ని ఇనకుంటేనే మేలు.”

“పద్మ కూర్చోదు. దానికేమని చెప్పల్ల?”

“ఏదో ఒకటి చెప్పండి. ‘సామీ, కాపాడు’ అనిందని చెప్పండి. నన్ను రమ్మంటే నేనొచ్చి చెప్తా. మీ కోసం అబద్ధమాడతా, పాపం నాకే రానీ.”

“అబద్ధం చెల్లదు దాని కాడ. అక్క పెదాలను రోజూ చూస్తాంది ఆ వీడియోలో. ఉన్నదున్నట్టు చెప్తానని హరిత ఫోటో మీద చెయ్యి పెట్టి ఒట్టేసినా.”

“ఒట్టేసినారా?”

“ఏసినా. ఒక్క అక్షరం మార్చకుండా చెప్తానని.”

“ఏంటికేసినారమ్మా... ఎంత పని చేస్తిరి.”

“ఉండేది అదొక్కతే గదప్పా. దాని పెండ్లన్నా నవ్వుతా జరగల్ల. ఏమనింటాదో నాకు తెలుసులే. ‘వద్దు’ అనింటాది. ‘ఈ పెండ్లి నాకొద్దు’ అనింటాది. అది ఇనేదానికి గుండె రాయి చేసుకోనే వచ్చినా. అదే గదా?”

“కాదమ్మా.”

“కాదా? వాళ్ళ నాయన్ను పిలిచిందా?”

“లేదు.”

“మరి ఎవరితో అనింది? వీడియోలో నీ దిక్కే చూస్తాండాది. నిన్ను ఆపమనిందా?”

“నన్ను గాదు. నా పక్కన, ఆ స్తంభం కాడ చూసి అనింది.”

“స్తంభం కాడ...”

“పొండమ్మా. నాలుగున్నర బస్సు పోతే ఇంగ ఆరింటికే.”

“చెప్పు.”

“వద్దు తల్లీ.”

“చెప్పు దస్తగిరప్పా. నా బిడ్డ ఆఖరికి ఏమని అడిగింది?”

“‘అమ్మా, చెయ్యి దించమ్మా’ అనింది.”