పుల్ల బాబాయ్ ఫోను మళ్ళీ వెలిగిన సాయంత్రం

మీరు నమ్మినా సరే, నమ్మకపోయినా సరే, పుల్ల బాబాయ్ ఎప్పుడూ అబద్ధంతో మొదలుపెట్టడు. మొదటి గుటక టీ గొంతు దిగేదాకా అన్నీ నిజాలే చెప్తాడు. రెండో గుటక నుంచే ఆయన్ని కాస్త కనిపెట్టి ఉండాలి.

ఆయనకా పేరెందుకు వచ్చిందంటే, సెల్‌ఫోనంటే నంబర్లు నొక్కడానికే అనుకునే రోజుల్లో ఆయన దగ్గర ఒక ఫోనుండేది. మూత తెరిస్తే సగం ఫోను, సగం డైరీ. పక్కన గాడిలోంచి సన్నటి ప్లాస్టిక్ పుల్ల లాగి, దాంతో తెర మీద పొడుస్తూ, రాస్తూ కూర్చునేవాడు. మందుల కంపెనీలో రిప్రజెంటేటివ్ కదా, డాక్టర్ల గదుల ముందు కూర్చోవడమే సగం ఉద్యోగం. ఆ ఉద్యోగం మానేసి చాలా కాలమైంది, ఫోను చచ్చిపోయి ఇంకా చాలా కాలమైంది, పుల్ల బాబాయ్ అనే పేరు మాత్రం మిగిలింది.

ఆ చచ్చిన ఫోనే ఆ సాయంత్రం టీ కొట్టు బల్ల మీద, మడతపెట్టిన జేబురుమాలు మీద పడుకుని ఉంది. పక్కనున్న సెల్ రిపేరు షాపులోంచి ఒక వైరు కిటికీ దూకి వచ్చి దాని అడుగున గుచ్చుకుంది. నెత్తిన ఎర్ర దీపం. ఛార్జి కాస్త నిండితే అదే పచ్చగా మారి, ఫోను తనంతట తనే లేస్తుందట.

ఆ దీపం వైపు చూడలేకపోతున్నవాడు ఒక్కడే, దాన్ని బాగుచేసిన భూతద్దం. నుదుటి మీద ఎప్పుడూ అద్దం ఎత్తిపెట్టుకుని తిరుగుతాడని అతనికి ఆ పేరు. పోయిన నెల బాబాయ్ ఆ ఫోను తెచ్చి, షాపులో ఇంకెవరూ లేరని చూసుకుని, గొంతు బాగా తగ్గించి ఒక్కటే అడిగాడు. "ఫోను మాట్లాడకపోయినా పర్లేదు నాన్నా. చివర్లో దాంట్లోకి ఒకటి వచ్చింది. అదేంటో చూస్తే చాలు."

ఎక్కడో పాత సామాన్ల అంగడిలో వెతికి వెతికి సరిపోయే బ్యాటరీ తెప్పించాడు భూతద్దం. తీరా అది బిగిస్తున్నప్పుడు అసలు సంగతి తెలిసింది. ఈ రకం ఫోన్లకి జ్ఞాపకమంతా బ్యాటరీ ఊపిరి మీదే. ఊపిరి ఆగిందా, పలక మీద తడిగుడ్డ పెట్టి తుడిచినట్టే. పొద్దున్నే ఆ మాట చెప్పేద్దామనుకున్నాడు. బాబాయ్ చూస్తే నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, వరసలో ఉన్న షాపులన్నిటికీ చెప్పి మరీ వచ్చాడు. ఇంక నోరెలా వస్తుంది చెప్పండి?

"నేనేమీ గొప్పలు చెప్పుకోను," అని మొదలుపెట్టాడు బాబాయ్. టీ కొట్టాయన స్టవ్వు తగ్గించాడు, ఇక ఇప్పట్లో ఎవరూ లేవరని. టైలరక్క ఒళ్ళో జాకెట్టు పెట్టుకుని హుక్కులు కుడుతూ బల్ల చివర సర్దుకుంది.

"మిగతా రిప్రజెంటేటివ్‌లకి ఒక జేబులో డైరీ, ఒక జేబులో ఫోను. నాకు రెండూ ఒకటే. ఏ డాక్టరు ఏ పూట కలుస్తాడో దాంట్లో రాసుకుంటే టైముకి కీచుమనేది. అంతే. పెద్ద విశేషమేం కాదు."

అది నిజమే. అందరూ తలూపారు. బాబాయ్ రెండో గుటక తాగాడు.

అసలు గమ్మత్తంతా రాయడంలో ఉందట. మన ఇష్టమొచ్చినట్టు రాస్తే ఆ తెర ఒప్పుకోదు, దానికో ఒంటిగీత లిపి. పుల్ల ఎత్తకుండా ఒక్క గీతలో అక్షరం అయిపోవాలి. ఇంగ్లీషు 'ఏ'కి మధ్య అడ్డగీత పెట్టకూడదు, ఉత్త గుడారం గీసి వదిలెయ్యాలి. అది అలవాటు కావడానికి వారం పడుతుంది, అలవాటయ్యాక మామూలు చేతిరాత పాడైపోతుంది. సంతకంలో గుడారాలు లేచాయని బ్యాంకువాళ్ళు ఆయన్ని పక్కన నిలబెట్టేశారట. పోనీ ఫోనుకే మన భాష నేర్పుదామని కూర్చున్నాడట. 'క్ష' రాస్తే రెండుసార్లు దగ్గిందట. బండి 'ఱ' రాస్తే, ఇదిప్పుడు ఎవరూ వాడట్లేదు కదండీ అని అడిగిందట.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? అన్ని రాతలూ నేర్చేసుకుంది. డాక్టరు రాసిన చీటీ ముందు పెడితే గడగడా చదివేసేది. మందుల షాపులవాళ్ళు చీటీలు పట్టుకుని నా స్కూటరు వెనక పరిగెత్తేవాళ్ళు."

"దానికి కెమెరా ఉందా అన్నయ్యా?" అంది టైలరక్క, తలెత్తకుండానే.

"కెమెరా ఎందుకు చెల్లెమ్మా, బుద్ధుంటే చాలదా? చివరికి డాక్టర్లే రావడం మొదలెట్టారు, నిన్న నేనేం రాశానో కాస్త చూసి పెట్టవయ్యా అని."

టీ కొట్టాయన నవ్వి గ్లాసులు నింపాడు. భూతద్దం ఓసారి దీపం వైపు చూశాడు. ఎర్రగానే ఉంది. ఇదే సమయం, చెప్పేద్దామని గొంతు సవరించుకున్నాడు. ఈలోపు బాబాయ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఆయన అద్దాలు తుడుచుకుంటున్నాడంటే లెన్సుల మేడం వస్తోందని అర్థం.

లెన్సుల మేడం ఎవరంటే, కళ్ళజోళ్ళ అద్దాలు తయారుచేసే కంపెనీ తరఫున ఊళ్ళు తిరిగేది. ఒకరోజు కంటి డాక్టరు గది ముందు, లోపలికి పంపడానికి అందరూ పేర్లు రాసిచ్చిన చీటీలు బల్ల మీద పడున్నాయి. బాబాయ్ తన చీటీ పెట్టబోతూ ఆగిపోయాడు. పైనున్న చీటీలో పేరు నిండా గుడారాలే. ఒక్క 'ఏ'కీ అడ్డగీత లేదు. ఊరి మొత్తంలో ఆ తప్పు చేసే మనిషి తను కాక ఇంకొకరున్నారన్నమాట. తలెత్తి చూస్తే ఎదురుగా ఆవిడ, ఒళ్ళో అదే ఫోను, చేతిలో పుల్ల.

ఈ ముక్క చెప్పేటప్పుడు బాబాయ్ ఎప్పుడూ దేన్నీ పెంచడు. భూతద్దం చాలాసార్లు విన్నాడు. చీటీ అదే, బల్ల అదే, గుడారాలూ అవే.

పెంచేదంతా ఆ తర్వాతే. ఆ ఫోను నెత్తిన చిన్న నల్లటి కిటికీ ఉంటుంది. రెండు ఫోన్లు ఎదురెదురుగా పెట్టి నొక్కితే, కంటికి కనపడని వెలుగొకటి ఇందులోంచి అందులోకి పోతుంది. ఒక విజిటింగ్ కార్డో, నాలుగు మాటలో మోసుకెళ్తుంది. అందుకున్న ఫోను తీసుకోమంటారా వద్దా అని అడుగుతుంది. ఊరంతటికీ ఆ ఫోను ఒక్కటే అయితే ఆ కిటికీ ఉండీ లేనట్టే, ఎందుకంటే ఎదురుగా అలాంటిదే ఇంకోటి ఉండాలి కదా. ఆవిడ కనపడేదాకా బాబాయ్ కిటికీ కూడా అంతే.

"మొదట వరండాలో ఈ బెంచీ నుంచి ఆ బెంచీకి. ఇవాళ డాక్టరు చిరాగ్గా ఉన్నాడు, శాంపిళ్ళు ఇచ్చి వచ్చెయ్యండి, అలాంటివి. తర్వాత రోడ్డుకి ఇటు నేను, అటు ఆవిడ. మధ్యలోంచి లారీ పోతే వెలుగు లారీ ఎక్కి కాస్త ముందుకెళ్ళి దిగి, వెనక్కి నడుచుకుంటూ వచ్చేది. ఆ తర్వాత మేడ మీంచి మేడ మీదకి. ఆవిడ పక్కూరు వెళ్ళిన రోజు చెరువు గట్టెక్కి మబ్బుకి గురిపెట్టి కొట్టేవాణ్ణి. మబ్బుకి తగిలి అటు దిగేది."

"మబ్బు లేని రోజో గురువుగారూ?" అన్నాడు టీ కొట్టాయన.

"ఆ రోజుకి సెలవు," అన్నాడు బాబాయ్, అదేదో ఆఫీసు రూలైనట్టు. "ఒకసారేమైందో తెలుసా? నేను పంపుతుంటే అడ్డంగా కాకి ఎగిరింది. మొత్తం దానికి తగిలేసింది. మర్నాటి నుంచి ఆ కాకి మేడం ఆఫీసు కిటికీ మీద వాలేది. ఆవిడ వచ్చేవేళకి వచ్చి, వెళ్ళేవేళకి వెళ్ళేది. తరిమినా పోదే. ఏం చెప్పాలనుకుందో పాపం, దానికి భాష రాదుగా."

అందరూ నవ్వారు. బాబాయ్ కూడా నవ్వాడుగానీ, ఆ నవ్వు మొహంలో ఎక్కువసేపు నిలబడలేదు. ఆవిడ అప్పుడు ఏ రంగు గొడుగు వేసుకునేదో, బస్సులు తప్పిపోతే ఎంత తాపీగా ఇంకో బస్సు కోసం చూసేదో చెప్పుకొచ్చాడు. ఆవిడకి వేరే ఊరు బదిలీ అయిందని అప్పటికే వరండాలో విన్నాడట, ఆ మాటే ఓ రోజు ఆవిడ పంపిందట. తీసుకోమంటారా వద్దా అని ఫోను అడిగితే, వద్దు నొక్కి చూశాడట. నొక్కినంత మాత్రాన బదిలీ ఆగలేదు.

అప్పుడే దీపం పచ్చబడింది.

ఫోను సన్నగా కీచుమంది. టైలరక్క సూది ఆపింది. తెర తెల్లగా విచ్చుకుని, మధ్యలో ఒక సున్నా వచ్చింది, కింద ఇంగ్లీషులో పుల్లతో ఇక్కడ తాకమని. బాబాయ్ గాడిలోంచి పుల్ల లాగాడు. తాకాడు. ఇంకో మూల తాకమంది, తాకాడు. ఆఖరికి, ఇవాళ తారీఖెంత అని అడిగింది.

అది కొత్తగా పుట్టిన ఫోను అడిగే ప్రశ్న. భూతద్దం నుదుటి మీది అద్దం తీసి బల్ల మీద పెట్టాడు.

"బాబాయ్, లోపల ఏమీ లేదు. బ్యాటరీ చచ్చినప్పుడే అంతా పోయింది. పొద్దున్నే చెప్పాల్సింది నీకు."

బాబాయ్ తెర వైపే చూస్తున్నాడు. టీ మీద మీగడ కట్టింది. ఆయన ఇక లేచి వెళ్ళిపోతాడేమో అనుకున్నాడు భూతద్దం. లేవలేదు. మళ్ళీ అందుకున్నాడు, ఇదివరకటికంటే పెద్ద గొంతుతో.

"పోతే పోనీ నాన్నా. అంత పెద్దది ఈ చిన్న డబ్బాలో పడుతుందా అసలు? చివరి రోజు ఆవిడ బస్సెక్కేసింది. బస్సు స్టాండు దాటింది, మలుపు తిరిగింది, వంతెన మీదకెళ్ళింది. నేను ఇక్కడ ప్లాట్‌ఫారం మీద. అంత దూరం నుంచి కిటికీలోంచి చెయ్యి చాపి ఫోను ఇటు తిప్పింది. ఎంత బలంగా కొట్టిందంటే స్టాండులో ట్యూబులైట్లన్నీ ఆరిపోయాయి. నా ఫోను తీసుకోమంటారా అని అడిగి, నేను నొక్కేలోపే ఆ బరువుకి ప్రాణం వదిలేసింది. నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. నీలం జాకెట్టు. మోచేతి దగ్గర చేతికుట్టు ఊడితే ఎవరో ఆకుపచ్చ దారంతో వేశారు. ముదురు నీలం మీద ముదురాకుపచ్చ, కలిసిపోయిందనుకున్నారు. మధ్యలో ఒక కుట్టు తప్పిపోయి..."

"ఆగన్నయ్యా," అంది టైలరక్క.

సూది జాకెట్టుకి గుచ్చి పక్కన పెట్టింది. గొంతులో ఎగతాళి లేదు.

"ముదురు నీలం మీద ముదురాకుపచ్చ నాకే దొరకదు, గుడ్డ కళ్ళ దగ్గరికి తెచ్చుకుంటేగానీ. తప్పిన కుట్టు కూడా లెక్కపెట్టావంటే, వంతెన లేదు, మలుపు లేదు. జానెడు దూరంలో ఉన్నావు నువ్వు."

భూతద్దానికి అప్పుడు తట్టింది, ఆ వెలుగు చెయ్యి చాచినంత దూరం కూడా సరిగ్గా పోదని తనకి తెలిసిన సంగతే. కోతలన్నీ ఆ దూరం మీదే కోశాడు ఈయన. బెంచీ, రోడ్డు, మేడ, మబ్బు, వంతెన.

"అంత దగ్గరున్న మనిషిని," అంది టైలరక్క మెల్లగా, "ఏం పంపావమ్మా అని నోరు తెరిచి అడగొచ్చుగా? ఇన్ని మాటలు చెప్తావు."

టీ కొట్టాయన గ్లాసు తీసుకుని, చల్లారింది పారబోసి వేడిది పోశాడు. బాబాయ్ దాన్ని ముట్టుకోలేదు. ఏదో పెద్దది వెతుకుతున్నట్టు కనపడ్డాడు, ఏ మబ్బో, ఏ కాకో. ఏదీ దొరకలేదు కాబోలు.

"అడిగితే చెప్పేసేదమ్మా, అది ఉత్త 'వెళ్ళొస్తా'నే అయినా సరే," అన్నాడు. "అందుకే అడగలేదు."